మీ నాన్న పికప్ గురించి: ముందు ఎర్తు, తర్వాత స్టీరింగ్

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. రాత్రి ఫోన్లో చెబుదామనుకున్నా గానీ ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే రాస్తున్నా, బండి పక్కన కూర్చుని చదువుకో.

వైరింగ్ మొత్తం పీకేసి కొత్తది వెయ్యాలి, స్టీరింగ్ బాక్సు కూడా కొత్తది కొనాలి అని మీ గుంటూరు మెకానిక్ అన్నాడని రాశావు. అప్పుడే ఒప్పుకోకు. ఆయన మోసం చేస్తున్నాడని నేను అనను, బండి నీళ్లలో మునిగింది అని చెప్పగానే ఎవరైనా అదే మాట అంటారు. కానీ ఇన్నేళ్లు ఆటోనగర్లో బళ్ల కింద పడుకుని నేను తెలుసుకున్నది ఒకటుంది. పాత బండికి కరెంటు జబ్బయినా స్టీరింగ్ జబ్బయినా ఎక్కువసార్లు సామానులో ఉండదు, రెండు సామాన్లు కలిసే చోట ఉంటుంది. ఆ కలిసే చోట్లన్నీ చూసుకున్నాకే డబ్బు బయటికి తియ్యి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్ మీద పడ్డప్పుడు ఈ బండి అక్కడ షెడ్డులో సీటు దాకా మునిగి ఉంది. తర్వాత మీ నాన్న కడిగించి, ఆయిళ్లు మార్పించి, నడిపించుకుంటూ గుంటూరు తెచ్చాడు, అంతవరకు బాగానే చేశాడు. అయితే ఆ బురద నీళ్లు వైరులోకి ఎలా వెళ్తాయంటే, దీపం వత్తికి నూనె ఎక్కినట్టు తొడుగు లోపల తీగ వెంబడి పైకి పాకుతాయి. పైనుంచి చూస్తే వైరు కొత్తదానిలా ఉంటుంది. కనెక్టరు దగ్గర బ్లేడుతో ఒక అంగుళం తొడుగు గీకి చూడు, రాగి నల్లగా మారి, అక్కడక్కడా పచ్చటి పొడి పట్టి ఉంటుంది. ఆ నల్ల రాగికి టంకం కూడా అంటదు. ఎర్రగా మెరిసే రాగి కనబడేదాకా కోసుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి అదే మందం ఉన్న కొత్త వైరు కలుపు. ఒక మూర కోసినా ఎర్ర రాగి రాలేదంటే అప్పుడు ఆ వైరు మొత్తం మార్చు. ఆ ఒక్క వైరే, కట్టంతా కాదు.

ఏం ముట్టుకోబోయే ముందైనా బ్యాటరీ నెగటివ్ తీసెయ్. ముందు నెగటివ్ తియ్యాలి, బిగించేటప్పుడు అది ఆఖర్న. ముందు పాజిటివ్ విప్పబోయావనుకో, పానా బాడీకి తగిలిందంటే మెరుపు వచ్చి చెయ్యి కాలుతుంది, బ్యాటరీ పేలినా పేలుతుంది. నాకు ఎడమ అరచేతి మీద మచ్చ ఉంది కదా, చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగావు, అది ఇదే.

ఇప్పుడు నీ మూడో ఫోటో చూడు. ఇంజిన్ నుంచి చాసిస్‌కి, అంటే బండి అడుగు ఇనప చట్రానికి వచ్చే అల్లిక పట్టీ ఉందే, అదే ఎర్తు పట్టీ, కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. దాని చివర బోల్టు చుట్టూ నల్ల పెయింటు మెరుస్తోంది. అంటే కడిగించాక ఎవరో పట్టీతో సహా పెయింటు కొట్టేశారు, కింద తుప్పు అలాగే ఉంది. లైట్లు మసగ్గా ఉన్నాయి, సెల్ఫ్ మూలుగుతోంది అని నువ్వు రాసినదానికి నా మొదటి అనుమానం దీని మీదే. కొత్త బ్యాటరీ వేసినా ఏం మారదు. బోల్టు విప్పి, పట్టీ కొసనీ, అది కూర్చునే చాసిస్ ముఖాన్నీ ఉప్పుకాగితంతో తెల్లటి లోహం వచ్చేదాకా రుద్దు, పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించు, బిగించిన తర్వాత పైన వ్యాజిలీన్ పూయి. బ్యాటరీ నుంచి చాసిస్‌కి వచ్చే నెగటివ్ కేబులుకీ ఇదే పని. పట్టీలో తీగలు తెగి ఉంటే మాత్రం కొత్తదే వెయ్యి, ఖరీదైన సామాను కాదు.

చేసింది సరిగా అయిందో లేదో వోల్టులు చూసే మీటరు చెబుతుంది. ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ దిమ్మ మీద పెట్టు, క్లాంపు మీద కాదు, దిమ్మ మీదే. రెండోది ఇంజిన్ దిమ్మకి ఆనించి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. 0.2 వోల్టు లోపల ఉంటే నాకు సంతోషం, అర వోల్టు దాటితే ఎర్తు ఇంకా బాగుపడలేదన్నట్టే. మా షెడ్డుకి ఒకసారి ఒక వ్యాను వచ్చింది, యాక్సిలేటర్ కేబులు కాలిపోతోందని వేరే చోట్ల అప్పటికే మూడు కేబుళ్లు మార్చారట. ఇంజిన్ ఎర్తు పట్టీ అసలు లేదు! సెల్ఫ్ లాగే కరెంటంతా ఎటూ దారి లేక ఆ సన్నటి కేబులు మీదుగా వెనక్కి పోతోంది. పట్టీ వేశాక మళ్లీ ఆ బండికి కేబులు మార్చలేదు.

ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఉంచితే నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 13 దాటకపోతే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ విప్పడానికి ముందు దాని బెల్టు, వెనక కనెక్షన్లు చూడు. 15 దాటుతోందంటే ఆ ఛార్జింగుని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, వెంటనే ఆపెయ్.

హెడ్‌లైట్లకి రిలే పెట్టు, దీనికి మాత్రం ఖర్చు పెట్టమంటాను. డిమ్ములో ఒక్కో బల్బు 55 వాట్లు, రెండూ కలిపి 110, అంటే 9 ఆంపియర్లకి పైనే ఆ పాత స్విచ్చి గుండా పోతోంది. స్విచ్చి వేడెక్కి, లోపల ప్లాస్టిక్కు మెత్తబడి, ఒకరోజు రాత్రి హైవే మీద రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతాయి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే డబ్బా, అది పెడితే స్విచ్చి మీద బరువు ఉండదు. దాని కాళ్ల మీద నంబర్లుంటాయి: బ్యాటరీ నుంచి మందం వైరు ఫ్యూజు మీదుగా 30కి, అక్కడ 87 నుంచి బల్బుకి, స్విచ్చి వైరు 86కి, ఎర్తు 85కి. డిమ్ముకొక రిలే, బ్రైటుకొక రిలే. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే సిగరెట్టు పెట్టెలో మెరిసే రేకు కాగితం చుట్టి పెట్టే అలవాటు కొందరికి ఉంది, నా కళ్ల ముందు అలా ఒక డ్యాష్‌బోర్డు మొత్తం తగలబడింది. నీ బండి దగ్గర ఎవర్నీ ఆ పని చెయ్యనివ్వకు.

ఇక స్టీరింగ్. కరెంటు తప్పితే బండి ఆగిపోతుంది, ఇది తప్పితే ఆగదు. అందుకే తొందర వద్దు.

బండి నేల మీదే ఉంచు, జాకీ ఎత్తకు. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి మీ తమ్ముణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టు. చక్రం తిరగకుండా స్టీరింగ్ మాత్రం అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపమను. నువ్వు కింద పడుకుని బాక్సు నుంచి మొదలుపెట్టు: స్టీరింగ్ కడ్డీ కొసన ఉండే గేర్ల బాక్సు, దానికి వేలాడే డ్రాప్ ఆర్మ్, అక్కడి నుంచి చక్రం వైపు వెళ్లే డ్రాగ్ లింకు, ముందు చక్రాలు రెంటినీ కలిపే టైరాడ్డు, ఇలా ఒక్కో జాయింటు మీద అరచెయ్యి వేసి పట్టుకుంటూ రా. కంటికి కనబడని ఊపు చేతికి తెలుస్తుంది. జాయింటుకి ఒకవైపు కదిలి రెండో వైపు ఆలస్యంగా కదిలిందంటే అది అయిపోయింది. నీ ఫోటోల్లో టైరాడ్డు జాయింట్ల రబ్బరు టోపీలు రెండూ చిరిగి ఉన్నాయి, లోపలికి బుడమేరు బురద వెళ్లే ఉంటుంది. ఆ రెండూ చూడకుండానే మార్చేసెయ్. బాక్సు చాసిస్‌కి బిగించిన చోటు వైరు బ్రష్షుతో గీకి చూడు, బోల్టులు లూజున్నా, అక్కడ చాసిస్‌కి పగులున్నా అచ్చం బాక్సు పోయినట్టే ఉంటుంది.

తర్వాత ముందు చక్రాలు ఎత్తు. స్టాండ్ల మీద, వట్టి జాకీ మీద కాదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఊగితే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపు. ఊపు ఆగిపోతే బేరింగు, ఆగకపోతే చక్రం పక్కకి తిరగడానికి ఉండే కింగ్‌పిన్నూ, అది కూర్చునే బుష్షులూ. బుష్షులు కొత్తవి కొట్టాక లేతు షాపులో కన్నం కొలతకి తెచ్చే రీమరు వేయించాలి, పిన్ను బొటనవేలి ఒత్తిడికి జారుతూ దిగాలి. సుత్తితో దించేవాడైతే బండి వెనక్కి తెచ్చేసుకో. గ్రీజు కొట్టేటప్పుడు కూడా చక్రాలు పైకెత్తి ఉండాలి, బరువు మీద ఉంటే గ్రీజు వెళ్లాల్సిన చోటికి వెళ్లదు.

ఇవన్నీ అయ్యాకే బాక్సు మీది సర్దుబాటు స్క్రూ ముట్టుకో. చక్రాలు నిటారుగా ఉన్నప్పుడే తిప్పాలి, పావు చుట్టులో సగం, మళ్లీ చూడాలి. ఎందుకంటే బాక్సు ఎక్కువ అరిగేది మధ్యలోనే, బండి ఎక్కువ తిన్నగా పోతుంది కాబట్టి. పక్కకి తిప్పి ఉంచి బిగిస్తే మధ్యకి వచ్చేసరికి పట్టేస్తుంది, మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రాదు. ప్లే, అంటే చక్రం కదలకుండా స్టీరింగ్ ఊగే వదులు, పూర్తిగా పోవాలని చూడకు, స్టీరింగ్ అంచు దగ్గర ఒక అంగుళం ఉన్నా ఈ వయసు బండికి పర్వాలేదు. లోపలి నూనె బురద కలిసి పాల టీ రంగులో ఉంటే మొత్తం దింపి, కడిగి, 90 నంబరు గేర్ ఆయిల్ పొయ్యి.

స్టీరింగులో దేనికీ వెల్డింగు పెట్టించకు. ఎంత గొప్ప వెల్డరైనా సరే. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక మెటాడోర్ వ్యాను డ్రాప్ ఆర్మ్ పగులుకి మా దగ్గరే వెల్డింగు పెట్టి పంపాం, నేనే బిగించాను. నెల తిరక్కుండా మిర్చి బస్తాలతో మంగళగిరి దాటాక విరిగింది. దేవుడి దయ, బండి పొలం వైపు దిగింది, డ్రైవరు కాలు విరిగింది గానీ ప్రాణం దక్కింది. ఆస్పత్రిలో వాళ్లావిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే నీకింత గట్టిగా చెబుతున్నా.

పాత టైరాడ్డు జాయింటు విప్పేటప్పుడు ఎన్ని చుట్లకి వచ్చిందో లెక్కపెట్టి రాసుకో, కొత్తది అన్నే చుట్లు ఎక్కించు. చక్రాల వరస సరిచేయించే అలైన్‌మెంటుకి వెళ్లేదాకా బండి తిన్నగా నడుస్తుంది. ఒక కొస కుడి మర, ఇంకో కొస ఎడమ మర ఉంటుంది, అడిగి తెచ్చుకో. నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను కన్నం కలవకపోతే నట్టు ఇంకొంచెం బిగించి కలుపు గానీ వదులు చెయ్యకు. పాత పిన్ను మళ్లీ వాడకు.

ఎలాగూ గూడ్సు బండికి 8 ఏళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాలి, అక్కడ చూసేవాటిలో లైట్లూ స్టీరింగూ ఉంటాయి. కానీ నువ్వు దాని కోసం చెయ్యకు, మీ నాన్న మళ్లీ ఆ సీట్లో కూర్చుంటాడని చెయ్యి.

నట్లన్నీ బిగించాక ఒక్కో దాని మీద నట్టు నుంచి బోల్టు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయి. మొదట ఖాళీ బండితో ఊళ్లోనే నెమ్మదిగా తిప్పు. వంద కిలోమీటర్లయ్యాక మళ్లీ కింద పడుకుని గీతలు కలిసి ఉన్నాయో లేదో చూడు. డ్రాప్ ఆర్మ్ నట్టు దగ్గరగా ఫోటో తీసి నాకు పంపు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తా, మీటరు, గ్రీజు గన్ను నేను తెస్తా. నువ్వు ఈలోపు ఎర్తు పట్టీ విప్పి రుద్ది ఉంచు.

మీ పెదనాన్న