పెన్షన్ ఆమెది, పేచీ మీది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 44 ఏళ్లు. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఉంటాను, సొంత ఆటో నడుపుకుంటాను. నా భార్య 2013లో పుట్టింటికి వెళ్లి మళ్లీ రాలేదు. పెద్దమనుషుల్లో కూర్చుని కాగితం రాసుకున్నాం, ఎవరి దారి వాళ్లదే అనుకున్నాం. కరోనాకు ముందు నుంచి ఒకావిడతో కలిసి ఉంటున్నాను. ఆమె భర్త రాడ్ బెండింగ్ పని చేసేవాడు, 2017లో పోయాడు. ఇంటర్ చదివే కూతురు ఉంది. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. వితంతు పెన్షన్ వస్తుంది. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి 4 వేలు ఇచ్చి వెళ్తారు. ఆ టైముకి నన్ను ఆటో తీసుకుని బయటికి పొమ్మంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు మమ్మల్ని ముంచాక నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు నన్ను చూపించి ఎవరని అడిగారు. ‘మా అన్నయ్య, చూడ్డానికి వచ్చాడు’ అంది. నా ఎదురుగానే. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు. పెళ్లి చేసుకుందామంటే ‘పెన్షన్ పోతుంది, చీటీ ఎవరు కడతారు’ అంటుంది. మొన్న కుళాయి దగ్గర గొడవలో పక్కింటావిడ ‘మగమనిషిని ఇంట్లో పెట్టుకుని విధవ పెన్షన్ తింటున్నావు, సచివాలయంలో చెప్తా’ అని అరిచింది. లండన్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు, అక్కడైతే ఇది కేసు అవుతుందని ఇంకా భయపెట్టాడు. నేను ఒకరి సొమ్ము తినే రకం కాదు. ప్రభుత్వం నుంచి నాకు వచ్చింది 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్లకిచ్చిన 15 వేలు మాత్రమే, అదీ కృష్ణలంకలో మా అమ్మ రేషన్ కార్డు మీద. అమ్మకి వృద్ధాప్య పెన్షన్ ఉంది. మేం చేసేది నేరమా? తీసుకున్నదంతా కక్కిస్తారా? సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి నేనే వెళ్లి ఉన్నది చెప్పేస్తే మంచిదా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దు, విజయవాడ

జవాబు: లండన్ సంగతి ముందు తేల్చేద్దాం. మీ అన్న చెప్పింది అక్కడికి నిజమే. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే సాయం ఉంది. దానికి తాళి కట్టారా లేదా అన్నది అనవసరం. ఆలుమగల్లా ఒక ఇంట్లో ఉంటే ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టుకోవాలి, ఇద్దరి సంపాదనా కలిపి చూస్తారు. తోడున్న మనిషిని దాచిపెడితే ఇచ్చిన డబ్బు వెనక్కి లాగుతారు, కేసు కూడా పెట్టవచ్చు. ఆ చట్టం మీ ఇంటికి వర్తించదు. ఆయన్ని ఈ విషయంలో కాస్త ఊరుకోమనండి.

మన దగ్గర వితంతు పెన్షన్ ఆగేది ఎప్పుడు? కేంద్రం 2009లో మొదలుపెట్టిన పథకం మార్గదర్శకాల్లో రెండే కారణాలు కనిపిస్తాయి: ఆమె మళ్లీ పెళ్లి చేసుకోవడం, లేదా పేదరిక రేఖ దాటి పైకి రావడం. ఒక మగమనిషితో కలిసి ఉండటం అనే మాట అందులో లేదు. మీతో ఉండే ఆవిడ భర్త పోయింది నిజం, ఆమె ఇచ్చిన డెత్ సర్టిఫికెట్ నిజం, మళ్లీ పెళ్లి కాలేదన్నదీ నిజమే. మోసం కేసు నిలబడాలంటే అబద్ధం చెప్పి డబ్బు రాబట్టినట్టు చూపించాలి. దరఖాస్తు పెట్టిన రోజున ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాబట్టి పక్కింటావిడ అరుపుకి రేపే పోలీసులు వస్తారని భయపడకండి.

అలాగని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోమనీ చెప్పను. ఆమెకు ఆ 4 వేలు ఇచ్చే మన రాష్ట్ర పథకం ఎన్టీఆర్ భరోసాలో ఆదాయం షరతు ఉంది. పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు. ఆటో ఉందని పెన్షన్ తీసేయరు, నాలుగు చక్రాల బండి నిబంధన నుంచి ఆటోలకు, ట్యాక్సీలకు మినహాయింపు ఉంది. కానీ విజయవాడలో సొంత ఆటో తోలే మనిషి సంపాదన ఆ ఇంటి లెక్కలో కలిస్తే 12 వేల గీత దగ్గర పేచీ వస్తుందని మీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అందుకే ఒకటో తారీఖున మిమ్మల్ని బయటికి పంపేది. ఇక మిమ్మల్ని ఆమె కార్డులో ఏ వరుస కింద రాయాలి? భర్త కారు, బంధువు కారు. ఏ గడిలోనూ పట్టని మనిషిని ‘అన్నయ్య’ గడిలో వేసింది. ఆ మాట తప్పే. అధికారులు అడిగినప్పుడు లేని వరుస చెబితే రేపు విచారణలో మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు. మళ్లీ ఎవరైనా వచ్చి అడిగితే ‘నాతో ఉంటారు, పెళ్లి కాలేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పమనండి. తర్వాత అర్హత ఉందా లేదా అన్నది వాళ్లు తేలుస్తారు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ఉత్తరమంతా ఆమె దాచినదాని గురించే ఉంది. మీరు దాచినవాటిని మాత్రం మధ్యలో ఒక్కో వాక్యంలో దాటేశారు.

మీ పేరు కృష్ణలంకలో అమ్మ కార్డులో ఉంది. మీరు ఉండేది సింగ్ నగర్‌లో. అమ్మగారి వృద్ధాప్య పెన్షన్‌కూ ఇదే 12 వేల గీత వర్తిస్తుంది. కార్డు ప్రకారం మీరు ఆ ఇంటి మనిషే కాబట్టి మీ ఆటో సంపాదన అక్కడ కలవాలి. 15 వేలు తీసుకునేటప్పుడు అమ్మ ఇంటి కొడుకు, రాత్రి అన్నానికి ఈవిడ ఇంటి మనిషి. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి. సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి ఆమె గురించి చెబితే అక్కడి గుమాస్తా అడిగే మొదటి మాట ‘నువ్వెవరు, నీ కార్డు ఎక్కడ’ అనే. నేను మున్సిపాలిటీ పెన్షన్ల కౌంటర్లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని, ఆ ప్రశ్న నేనూ అడిగేదాన్ని. ఆమెకు తెలియకుండా మాత్రం వెళ్లకండి. అది నిజాయితీ అనిపించుకోదు. పెన్షన్ ఉంచుకోవాలా వదులుకోవాలా అన్నది ఆమె నిర్ణయం.

రెండోది, దీనికంటే పెద్దది. ‘పెళ్లి చేసుకుందామంటే ఒప్పుకోవడం లేదు’ అన్నారు. అసలు మీరు పెళ్లి చేసుకోగలరా? పెద్దమనుషుల కాగితం విడాకులు కాదు. కులాచారంగా వస్తున్న విడాకుల పద్ధతిని చట్టం కొన్నిచోట్ల ఒప్పుకుంటుంది, కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. మామూలుగా నలుగురు కూర్చుని రాసిన కాగితానికి ఆ విలువ రాదు. అంటే చట్టం కళ్లకు 2013లో వెళ్లిపోయిన ఆవిడే ఇవాళ్టికీ మీ భార్య. ఈ స్థితిలో గుడిలో తాళి కడితే ఆ పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. 2024 జూలైకి ముందు దీన్నే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 494 అనేవాళ్లం.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? పెళ్లి లేకుండా కలిసి ఉన్న స్త్రీకి 2005 గృహహింస చట్టం కొంత రక్షణ ఇస్తుంది. కానీ అలా ఉన్న ఇద్దరూ పెళ్లికి అర్హులై, అవివాహితులై ఉండాలని 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ భార్య ఇంకా మీ భార్యే కాబట్టి రేపు మీరు ఆటో తీసుకుని కృష్ణలంక వెళ్లిపోతే ఈవిడకు ఆ రక్షణ కూడా దొరకడం కష్టం. మీకేదైనా అయితే వచ్చే పరిహారం మీద మొదటి హక్కు అటు భార్యది, మీ అమ్మగారిది. ఈ ఇంట్లో ఆమె చేతికి తప్పకుండా వచ్చే డబ్బు ఆ 4 వేలు ఒక్కటే. దాన్ని ఎందుకు గట్టిగా పట్టుకుందో నాకు ఆశ్చర్యంగా లేదు. నేను కౌంటర్లో ఉన్నప్పుడు పెన్షన్ 200 రూపాయలు. ఆ 200 కోసం కూడా మళ్లీ పెళ్లి వద్దనుకున్న ఆడవాళ్లను చూశాను. 2014 అక్టోబరులో వెయ్యి అయింది, 2024లో 4 వేలు అయింది. 1881లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో వితంతువుకు పెళ్లి చేసినప్పుడు అడ్డం వచ్చింది ఊరి వెలి. ఇప్పుడు చాలా ఇళ్లలో అడ్డం వస్తున్నది నెల తిరిగేసరికి చేతిలో ఏముంటుందన్న లెక్క.

అందుకని ‘చీటీ ఎవరు కడతారు’ అని ఆమె అడిగింది ఎగతాళికి కాదు. దానికి మీరేం జవాబు చెప్పారో రాయలేదు. అసలు చెప్పారా?

ముందు విడాకులకు వేయండి. అటువైపు ఆవిడ ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో త్వరగా అవుతుంది. మధ్యలో ఉండే ఆరు నెలల గడువును ఇలాంటి పాత విడిపోవడాల్లో కోర్టు తగ్గించగలదు. ఒప్పుకోకపోతే, రెండేళ్లకు మించి వదిలేసి వెళ్లడం ఒక కారణమే, మీకు పదేళ్లు దాటింది. లాయరు ఖర్చు గురించి భయముంటే కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మగవాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం, కాబట్టి ఈవిడ కూడా తన సందేహాలకు అక్కడికి వెళ్లవచ్చు. విడాకుల డిక్రీ, అంటే కోర్టు ఉత్తర్వు, చేతికి వచ్చాక పెళ్లి, రిజిస్ట్రేషన్. ఆ వారంలోనే ఆమె సచివాలయంలో పెన్షన్ వద్దని రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. పెళ్లి తేదీ దాటాక తీసుకునే ప్రతి నెలా లెక్కకు వస్తుంది, ఆలస్యం చేయకండి. మీ పేరు అమ్మ కార్డులోంచి తీయించడం అప్పటిదాకా ఆపక్కర్లేదు, ఈ నెలలోనే చేయండి. అమ్మగారి పెన్షన్‌కి అందులో నష్టం కంటే మేలే ఎక్కువ.

మొదటి భర్త తరఫు ఇంటి వాటా ఏదైనా ఉంటే, మళ్లీ పెళ్లి చేసుకుంటే పోతుందేమోనని కూడా ఆమెకు భయం ఉండవచ్చు. పోదు. ఆయన చనిపోయిన రోజే ఆమెకూ కూతురికీ ఆ హక్కు వచ్చేసింది. ఇది మాత్రం ఇవాళే చెప్పండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. మా చెల్లెలి భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, సర్వీసులో ఉండగా పోయారు. పిల్లలు లేరు. ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. మంచి సంబంధం వచ్చింది, కానీ పెన్షన్ పోతుందని వెనకాడుతోంది. పెళ్లి చేసి, చెప్పకుండా ఊరుకోమని బంధువుల సలహా.

జవాబు: ఆ సలహా వినకండి, అవసరమే లేదు. కేంద్ర ఉద్యోగుల నిబంధనల్లో పిల్లలు లేని వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఫ్యామిలీ పెన్షన్ కొనసాగుతుంది. ఆమెకు వేరే ఆదాయం కనీస ఫ్యామిలీ పెన్షన్ కంటే తక్కువ ఉండాలి. అది 9 వేలు, దాని మీద కరువు భత్యం. పెళ్లి సంగతి, ఆదాయం సంగతి రాసిస్తేనే ఈ వెసులుబాటు దక్కుతుంది. దాచిపెడితే ఉన్న హక్కు కూడా తగాదాలో పడుతుంది. పెళ్లి కార్డులు అచ్చువేయించే ముందు పెన్షన్ ఇచ్చే బ్యాంకులో ఏ ఫారం కావాలో అడిగి తెచ్చుకోమనండి.