‘ఎస్‌ఎస్’ బిళ్ళ చూసి బయానా ఇవ్వకండి

షెవర్లే కంపెనీవారి 1969 కమారో కారు ఒకటి బేరానికి వచ్చిందనీ, విన్ నంబరు (ప్రతి కారుకూ ఫ్యాక్టరీ వేసే గుర్తింపు నంబరు) చూస్తే అది అసలైన ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్ అనే రకం) అవునో కాదో తేలిపోతుందా అనీ అడిగారు. కాదని తేలవచ్చు గాని, అవునని తేలదు. అమెరికా వచ్చి రెండేళ్ళయినా నిండకుండా యాభై ఏళ్ళ పైబడిన కారు మీద మనసు పడటం తొందరపాటే. నేనూ వచ్చిన మూడో ఏటనే ఆ పని చేశాను కనుక మందలించలేను.

అప్పుడు నేను ఒహాయోలో ఉండేవాణ్ణి. ఎర్రరంగు కమారో, గ్రిల్లు నడుమ ఎస్‌ఎస్ బిళ్ళ, లోపల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను. అమ్మే పెద్దమనిషి ముందు అద్దంలోంచి కనిపించే, విన్ నంబరున్న చిన్న రేకు మీద టార్చిలైటు వేసి, 9 అంటే 1969 అనీ, ఎన్ అంటే సిన్సినాటి పక్కనున్న నార్‌వుడ్ ఫ్యాక్టరీ అనీ చదివి వినిపించాడు. రెండూ నిజాలే. ఆయన వేలు అడ్డుపెట్టి దాటవేసిన మొదటి మూడంకెలు 123. అందులో 1 షెవర్లేకు గుర్తు. 23 అంటే ఆరు సిలిండర్ల కమారో, 24 అయితేనే వీ8. ఆ ఏడాది ఎస్‌ఎస్ వీ8తో తప్ప రాలేదు కనుక నా కారుకు ఇంజనూ బిళ్ళా రెండూ తరవాత తగిలించినవే. ఎనిమిది నెలల తరవాత, బీమా కోసం విలువ కట్టడానికి వచ్చినవాడు అర నిమిషంలో ఈ సంగతి చెప్పాడు. ఆ బిళ్ళకని నేను అదనంగా పోసినది తొమ్మిది వేల డాలర్లు. ఆ రాత్రి దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని, ఇంటికి పంపవలసిన సొమ్ము కదా అని తెల్లవార్లూ నిద్రపోలేదు. మీరూ ఆ లెక్క ముందే వేసుకోండి.

మీ కారు నంబరు 124తో మొదలైనా పొంగిపోకండి. తరవాతి 37 పైకప్పున్న కూపేకు, 67 కప్పు తెరుచుకునే కన్వర్టిబుల్‌కు గుర్తు. ఎస్‌ఎస్, జెడ్/28 అన్నవి కొనేటప్పుడు కోరుకునే ప్యాకేజీలు కావడం వల్ల నంబరులోకి ఎక్కలేదు. 1966 నుంచి 1968 దాకా షెవర్లేవారిదే మరో కారైన చెవెల్ ఎస్‌ఎస్‌కు మాత్రం 138 అని విడిగా ఉండేది. ఫోర్డువారు ఈ విషయంలో నయం: 1965 ముస్టాంగ్ నంబరు 5ఆర్09కె అని మొదలైతే, శాన్‌హొసేలో తయారైన, వెనక కప్పు ఏటవాలుగా ఉండే ఫాస్ట్‌బ్యాక్ అనీ, కె అక్షరాన్నిబట్టి 271 హార్స్‌పవర్ ఇంజనుతో వచ్చిందనీ తెలిసిపోతుంది. 1970 డాడ్జ్ ఛార్జర్‌లోనూ అయిదో స్థానంలో ఆర్ ఉంటే హెమీ అనే ఇంజను. అయితే అది ఫ్యాక్టరీలో బిగించిన ఇంజను సంగతి. ఇప్పుడు లోపల ఉన్నది వేరేది కావచ్చు. అందుకే కమారోలో ఇంజను దిమ్మ మీద చెక్కిన పాక్షిక నంబరును, చివరి ఆరంకెలతో సహా, రేకుతో పోల్చాలి. అక్కడ లోహం కొత్తగా గీకినట్టు మెరుస్తుంటే బేరం వదిలేయండి.

టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరూ రేకు మీదిదీ ఒకటే కావాలి. మిగతా నిబంధనలు మీ రాష్ట్రపు డీఎంవీలో (వాహనాల రిజిస్ట్రేషను ఆఫీసులో) చూసుకోండి. 1981కి ముందరి కార్లకు పదిహేడక్షరాల నంబరు ఉండదు కనుక కంప్యూటరు ఒప్పుకోలేదని కంగారుపడకండి.

నా కారును నేను అమ్మలేదు, బాగుచేయించడం నేర్చుకున్నాను. మీరు మాత్రం అసలు బిల్లు గాని ఫ్యాక్టరీ కాగితం గాని చూపించమనండి. లేదంటే, అమ్మే ఆయన ఎంత చిన్నబుచ్చుకున్నా సరే, మామూలు వీ8 కమారో ధర చెప్పి ఊరుకోండి.