మామునూరు ఎయిర్‌పోర్టు దగ్గర ప్లాట్: కిలోమీటర్లు కాదు, రన్‌వే ఎటుందో చూడండి

"వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో 200 గజాల ప్లాట్ చూశాం, ఇంట్లో పెద్దవాళ్లు, చిన్న పాప ఉన్నారు, రేపు విమానాలు మొదలైతే ఆ సౌండ్‌లో ఉండగలమా" అని అడిగారు కదా. నాలుగు కిలోమీటర్లు అన్న మాటతో ఏమీ తేలదు. రన్‌వే కొసకు ఎదురుగా నాలుగు కిలోమీటర్లయితే నేను వద్దంటాను. రన్‌వేకు పక్కవైపు అయితే రెండు కిలోమీటర్లలో కూడా ఉండొచ్చు.

మాది హన్మకొండ, కానీ బాలానగర్‌లో పని దొరికి చాలాకాలం ఫతేనగర్‌లో అద్దెకు ఉన్నాం. హైదరాబాద్ విమానాలన్నీ బేగంపేట నుంచే నడిచే రోజులవి, 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యే దాకా. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, ఫతేనగర్ దాని పడమటి కొస వైపు. మా మేనత్త వాళ్లు బోయినపల్లిలో ఉండేవాళ్లు, అది ఉత్తరం వైపు. వాళ్లింట్లో విమానం దూరంగా ఉరిమినట్టు వినబడేది, అంతే. మా ఇంట్లో మాత్రం మాట మధ్యలో ఆపి, అది దాటిపోయాక మళ్లీ మొదలుపెట్టాల్సిందే, యాంటెనా టీవీలో బొమ్మ కూడా వణికేది.

లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది, అంటే కిలోమీటరుకు 50 మీటర్ల చొప్పున కిందికి. రన్‌వే కొసకు కిలోమీటరు దూరంలో ఉన్న ఇంటి మీదుగా అది 70 మీటర్ల ఎత్తులోనే పోతుంది, నాలుగు కిలోమీటర్ల దగ్గర 220 మీటర్లు. లేచే విమానం ఇంకా త్వరగా పైకి పోతుంది గానీ ఇంజిన్లు గట్టిగా పనిచేస్తుంటాయి కాబట్టి కిటికీలు అదిరేది దానికే. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. మన దగ్గర వానకాలమంతా పడమటి గాలి, అందుకే ఫతేనగర్‌లో మాకు ఆ నెలల్లో లేచే విమానాలు, చలికాలంలో తూర్పు గాలి తిరిగాక దిగే విమానాలు. శంషాబాద్ వైపు ఇల్లు కొనేవాళ్లకు కూడా ఇదే చెప్తాను, ఒక్క సీజన్‌లో పోయి చూసి "పర్లేదు" అనుకోవద్దు.

పగటి సౌండ్ అలవాటైపోతుంది, ఇది నిజం. రాత్రిదే టెన్షన్. జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు గల్ఫ్‌కు పోయే విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే ఉండేవి, పిల్లలు కదలకుండా నిద్రపోయేవాళ్లు, మా అమ్మ మాత్రం లేచి కూర్చునేది, ఆమెకు చివరిదాకా అలవాటు కాలేదు. మీ ఇంట్లో పాప గురించి కన్నా పెద్దవాళ్ల గురించే ఎక్కువ ఆలోచించండి.

"కంప్లైంట్ ఇస్తే ఆపుతారు కదా" అనేవాళ్లూ ఉంటారు. మామూలు కాలనీకి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఎయిర్‌పోర్టు నాయిస్ జోన్‌కు 2018లో కేంద్రం వేరే పరిమితులు పెట్టింది: పగలు 65, రాత్రి 60, ఏడాదికి 50,000 కన్నా ఎక్కువ రాకపోకలుండే బిజీ ఎయిర్‌పోర్టుకైతే 70, 65. పైగా అవి సగటు లెక్కలు. తెల్లవారుజామున రెండింటికి మిమ్మల్ని లేపిన ఆ ఒక్క విమానం సగటులో కనిపించదు.

విమానాలు దిగేముందు ఇళ్ల మీద ఆయిల్, అంటే ఇంధనం, వదిలేస్తాయని, ట్యాంకులో నీళ్ల మీద జిడ్డు తేలుతుందని మా గల్లీలో గట్టిగా నమ్మేవాళ్లు. మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకాలకు గాల్లో ఆయిల్ వదిలే ఏర్పాటే ఉండదు. విమానాలు ఆగే చోటుకు మరీ దగ్గరుంటే ఇంజిన్ పొగ, కిరోసిన్ వాసన మాత్రం వస్తాయి.

ఇప్పుడు మామునూరు. నిజాం కట్టించిన పాత రన్‌వే దాదాపు 1.8 కిలోమీటర్లు, శాటిలైట్ మ్యాప్‌లో ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కట్టిన కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో, దానికి 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు ఉండేది, దాన్ని సడలించాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇప్పటికే ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు సేకరించాలనుకున్నది ముఖ్యంగా రన్‌వే పొడిగించడానికే. కాబట్టి మ్యాప్‌లో ఆ రన్‌వే గీతను రెండు కొసల నుంచి బాగా పొడిగించి, మీ ప్లాట్ దాని మీద పడుతుందో పక్కకు పడుతుందో చూడండి. వెంచర్ వాళ్లు చెప్పే దూరం ఖమ్మం రోడ్డు నుంచి కొలిచింది కావచ్చు, రన్‌వే పెరిగాక కొస మీ వైపు జరగొచ్చు కూడా.

రెండో విషయం ఎత్తు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల కట్టడాలకు 2015 రూల్స్ ప్రకారం ఎత్తు పరిమితి ఉంటుంది, పరిమితి దాటేట్టుంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. ఆ ఎత్తును సముద్రమట్టం నుంచి కొలుస్తారు, నేల నుంచి కాదు. మీ ప్లాట్ గుట్ట మీద ఉంటే పక్కవాడి కన్నా మీకు తక్కువ అంతస్తులు రావొచ్చు, పైన వాటర్ ట్యాంకు, లిఫ్ట్ గది కూడా లెక్కలోకే వస్తాయి. జీ ప్లస్ వన్‌తో సరిపెట్టుకునేవాళ్లకు పెద్ద ఇబ్బంది రాకపోవచ్చు గానీ రేపు పైన రెండు పోర్షన్లు వేసి అద్దెకిద్దాం అనుకుంటే మాత్రం కొనకముందే తేల్చుకోండి.

ఇంకోటి, ఎయిర్‌పోర్టుకు పది కిలోమీటర్ల లోపల చెత్త పారబోయడం, బయట జంతువులను కోయడం మీద ఆంక్షలుంటాయి, పక్షులు విమానాలకు తగలకుండా. రోడ్డు పక్కన మటన్ దుకాణం పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే అది గుర్తుంచుకోవాలి.

కడితే స్లాబే వేయండి. ఫతేనగర్‌లో మేము మొదట ఉన్నది రేకుల ఇల్లు, తర్వాత అదే గల్లీలో స్లాబ్ ఇంటికి మారితే సగం గోల తగ్గినట్టనిపించింది. కిటికీలకు మందం అద్దం పెట్టినా ఫ్రేము చుట్టూ సందులుంటే లాభం లేదు, సౌండ్ వచ్చేది ఆ సందుల్లోంచే.

నా మటుకు నాకు, మన గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ అసలు నష్టం నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి వాళ్లది. పొలాలు పోతున్నాయి, రన్‌వే పెరిగితే ఊరికి పోయే దారి కూడా తెగుతుందని వాళ్లు ధర్నాలు చేశారు. మీ ప్లాట్‌కు పోయే దారి కూడా అటు నుంచే అయితే, కొత్త రోడ్డు ఎటు నుంచి వేస్తున్నారో రెవెన్యూ ఆఫీసులో అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి. ప్లాట్ ఏ ఊరి వైపో రాస్తే మ్యాప్‌లో గీత గీసి చూసి చెప్తాను.