బేస్ కొనడానికి హెడ్‌ఫోన్ తీసుకెళ్ళు

చిరంజీవి చిన్నాకు మావయ్య దీవెనలు.

ఇంట్లో రికార్డింగ్‌కి ఏ బేస్ గిటార్ కొనాలని అడుగుతూ నువ్వు పంపిన ఏడు ఫొటోలూ చూశాను. ఏడూ బాగున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది. రంగు చూసి బేస్ గిటార్ కొన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి నిన్ను కోప్పడే హక్కు నాకు లేదు.

ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో ఎర్రటి బేస్ ఒకటి కొన్నాను. పెళ్ళి పందిళ్ళలో, వినాయక చవితి పందిళ్ళలో రెండేళ్ళు వాయించాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. డ్రమ్స్ మోతలో, జనం గోలలో దాని లోపాలన్నీ కలిసిపోయేవి. తర్వాత భక్తిగీతాల క్యాసెట్‌కి పిలిచారు. అక్కడ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) లేదు, వైరు నేరుగా మిక్సర్‌లో పెట్టారు. హెడ్‌ఫోన్లో విన్నాక చెమటలు పట్టాయి. వెనక ఆగని హమ్, అంటే కరెంటు రొద. ఏడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దాటితే హార్మోనియంకీ నాకూ పొంతనే లేదు. రికార్డిస్టు పెద్దాయన ఏమీ అనకుండా ఇంకొకరి బేస్ తెప్పించి నా చేతికిచ్చాడు. తిట్టినా బాగుండేది.

నీ గదిలో నువ్వు చేయబోయేదీ ఆ పనే. వైరు నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టెలోకి) వెళ్తుంది, హెడ్‌ఫోన్లో వింటావు. అందుకని ఆంప్ మాట మరిచిపో. స్టేజి మీద దాక్కునేవన్నీ ఇక్కడ బయటపడతాయి కాబట్టి హమ్ లేనిది, శృతి నిలిచేది చూసుకో. చెక్క ఏ చెట్టుదన్న చర్చ తర్వాత పెట్టుకుందాం.

హమ్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను. అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్ళు ప్రెసిషన్ బేస్‌ని 1951లో తెచ్చారు. 1957లో దాని పికప్‌ని (స్ట్రింగ్ కదలికని కరెంటుగా మార్చే భాగాన్ని) రెండు ముక్కలు చేశారు. ఒక ముక్కలో తీగ చుట్టిన తీరు, అయస్కాంతం రెండూ రెండో ముక్కకి తిరగేసి ఉంటాయి. దాంతో కరెంటు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుంది, స్ట్రింగ్ నాదం మాత్రం మిగులుతుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి మామూలుగా రెండు విడి పికప్‌లు. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెడితే నిశ్శబ్దమే, ఒకటి తగ్గించావంటే హమ్ లేస్తుంది. నీ గదిలో మానిటర్, లాప్‌టాప్ చార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్ మూడూ చేతికందే దూరంలోనే ఉన్నాయి. అందుకే నీకు పీ బేస్, అంటే ప్రెసిషన్ రకం మంచిదంటాను.

నీ ఫొటోల్లో స్క్వైర్ అఫినిటీ ప్రెసిషన్ ఉంది, యమహా టీఆర్‌బీఎక్స్ 174 ఉంది. ఏదైనా పరవాలేదు. యమహాకీ, ఇప్పుడొచ్చే అఫినిటీకీ బ్రిడ్జి దగ్గర (స్ట్రింగ్స్ కింది చివర ఆనే చోట) ఇంకో పికప్ ఉంటుంది. హమ్ వస్తే దాన్ని తగ్గించి మధ్యలో ఉన్న రెండు ముక్కలదాని మీదే వాయించు. ఐబనేజ్ జీఎస్ఆర్ 200లో కింది స్వరాల మోత పెంచే సర్క్యూట్ ఉంటుంది, 9 వోల్టుల బ్యాటరీ కావాలి. వైరు గుచ్చి వదిలేస్తే బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. నీ మతిమరుపు నాకు తెలుసు, అది వద్దు.

అయిదు స్ట్రింగ్స్‌ది అసలే వద్దు. మామూలు బేస్‌లో అన్నిటికంటే కింది స్వరమే (E) 41 హెర్ట్‌జ్, అయిదోదైన బీ (B) స్ట్రింగ్ 31కి దిగుతుంది. నీ చిన్న స్పీకర్లు వాటి అసలు అడుగుని పలకనే పలకవు. వినపడని స్ట్రింగ్‌కి డబ్బెందుకు?

షాపుకి వెళ్ళేటప్పుడు లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్ తీసుకెళ్ళు. మొహమాటపడకు. ముందు నెక్, అంటే గిటార్ మెడ చూడు. హెడ్ (స్ట్రింగ్స్ బిగించే చివర) వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే మెలి తిరిగిందీ లేనిదీ తెలుస్తుంది. మెలి ఉంటే ఎంత తగ్గించి ఇస్తామన్నా లేచి వచ్చెయ్. తర్వాత ఒక స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. ఎక్కువతక్కువలుంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) తిప్పి సరిచెయ్యొచ్చు, అది లోపం కాదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నీ (నొక్కకుండా వేలు ఆనించి మీటిన నాదాన్నీ), నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చు. నొక్కింది పైకి పోతుంటే బ్రిడ్జిలో శాడిల్‌ని (స్ట్రింగ్ ఆనే చిన్న దిమ్మని) వెనక్కి జరపాలి. నా ఎర్ర బేస్‌లో అది అప్పటికే చివరిదాకా జరిగిపోయి ఉంది. నీకు ఇంకా జరిపే చోటు మిగిలుందో లేదో చూసుకో.

ప్రతి స్ట్రింగ్ మీదా ప్రతి ఫ్రెట్‌నీ తాపీగా వాయించు. జీ స్ట్రింగ్ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య ఒక స్వరం తొందరగా ఆరిపోవచ్చు. ఖరీదైనవాటిలోనూ ఉంటుంది, కంగారుపడకు. స్ట్రింగ్స్‌ని చేత్తో తాకితే హమ్ తగ్గాలి. పెరిగిందంటే ఎర్తింగ్ తేడా.

నువ్వు చెప్పిన పాతిక వేలూ గిటార్‌కే పెట్టకు. మూడు నాలుగు వేలు సెటప్‌కీ (మెకానిక్ దగ్గర సరిచేయించడానికీ) కొత్త స్ట్రింగ్స్‌కీ పక్కనుంచు. ఇంటి రికార్డింగ్‌కి నేను ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా చుట్టిన) స్ట్రింగ్స్ వేయిస్తాను, వేళ్ళు జారిన కీచు వినపడదు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద అవే వాడాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఆయన బేస్ కూడా నేరుగా మిక్సర్‌లోకే వెళ్ళేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. నీకు ఇళయరాజా బేస్ పిచ్చి కదా, ఆ మెత్తదనానికీ ఇవి సరిపోతాయి.

ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్ (గిటార్ల కోసం ఉండే) బటన్ నొక్కి ఉండాలి, మైకుల కోసం ఉండే 48 వోల్టులది ఆపి ఉండాలి. గట్టిగా మీటినా రికార్డింగ్ మీటర్‌ని మైనస్ 10 డీబీ (డెసిబెల్) దాటనివ్వకు. కీచుమని సన్నటి రొద వస్తే లాప్‌టాప్ చార్జర్ పీకి చూడు.

ఆ ఎర్ర బేస్ ఇప్పటికీ మా అటక మీదే ఉంది. మీ అత్త అమ్మెయ్యమంటుంది, ఎవరికని అంటగట్టను? షాపుకి వెళ్ళేముందు ఒక ఆదివారం భోజనానికి రా. మెలి తిరిగిన నెక్ ఎలా ఉంటుందో కింద దింపి చూపిస్తాను.

మీ మావయ్య