రుణాత్మక పునర్బలనం అంటే శిక్షేనా?

సందేహం: నేను డీఎడ్ విద్యార్థిని. మనోవిజ్ఞాన శాస్త్రంలో వచ్చే ‘పునర్బలనం’ అంటే బహుమతి అనీ, ‘రుణాత్మక పునర్బలనం’ అంటే శిక్ష అనీ మా క్లాసులో చాలామంది రాస్తున్నారు. ఈ అర్థాలు సరైనవేనా? పునఃబలనం, పునర్భలనం అని కూడా కనిపిస్తున్నాయి. ఏది ఒప్పు? రుణాత్మక అనాలా, ఋణాత్మక అనాలా?

సమాధానం: రూపం సంగతి ముందు చూద్దాం. పునః + బలనం కలిసినప్పుడు విసర్గ (ః) రేఫగా (ర్) మారి ‘పునర్బలనం’ అవుతుంది. పునర్జన్మ, పునర్నిర్మాణం కూడా ఇలా ఏర్పడినవే. (తర్వాత ‘చ’ వస్తే వేరు, పునశ్చరణ అవుతుంది.) ఇందులో ఉన్నది బలం కాబట్టి ఒత్తు ‘భ’ రాయకూడదు.

ఇక అర్థం. మళ్లీ బలపరచడం అంటున్నాం కదా, దేన్ని? రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లో కుక్కకు ఒక శబ్దం వినిపించి, వెంటనే ఆహారం పెట్టేవారు. కొన్నాళ్లకు శబ్దం వినగానే లాలాజలం ఊరేది. ఆ తర్వాత ఆహారం లేకుండా శబ్దం ఒక్కటే వినిపిస్తూ పోతే ఆ స్పందన క్రమంగా తగ్గిపోయేది. ఆహారం మళ్లీ మళ్లీ అందుతుంటేనే శబ్దానికీ స్పందనకూ మధ్య సంబంధం గట్టిగా నిలుస్తుంది. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగంలో ఎలుక మీటను నొక్కితే ఆహారపు గుళిక పడేది, దాంతో ఎలుక ఇంకా ఎక్కువసార్లు నొక్కేది. ఇక్కడ బలపడింది మీట నొక్కడమనే ప్రవర్తన, ఎలుక కాదు. అందుకే ‘ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి పునర్బలనం చేశాడు’ అనే వాక్యం తప్పు. ‘పిల్లవాడి ప్రవర్తనకు పునర్బలనం లభించింది’ అని రాయాలి.

బహుమతికీ దీనికీ తేడా కూడా ఇక్కడే ఉంది. బహుమతి ఇచ్చేవారి ఉద్దేశాన్ని చెప్పే మాట. పునర్బలనం జరిగిన ఫలితాన్ని, అంటే ప్రవర్తన పెరగడాన్ని, చెప్పే మాట. క్లాసులో జవాబు చెప్పిన సిగ్గరి పిల్లను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారనుకోండి. ఆ పిల్ల మర్నాటి నుంచి చెయ్యి ఎత్తడం మానేస్తే, టీచరు దృష్టిలో అది బహుమతే గానీ పునర్బలనం కాదు. అల్లరి చేసినప్పుడల్లా తిట్లు తింటున్న పిల్లవాడు ఇంకా ఎక్కువ అల్లరి చేస్తుంటే, ఆ తిట్లే, అంటే ఆ రూపంలో దొరుకుతున్న గమనింపే, పునర్బలనమై ఉండవచ్చు. 1973లో మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రచురించిన పరిశోధన ఈ తేడాను బాగా చూపిస్తుంది. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. ఆ పిల్లలు తర్వాత ఖాళీ సమయంలో బొమ్మల జోలికి వెళ్లడం తగ్గింది. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. ఈ రెండు మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడితే ఈ పరిశోధన సారమే అర్థం కాదు.

అసలు చిక్కు ‘రుణాత్మక’ దగ్గర. వాడుకలో ‘నెగెటివ్’ అంటే చెడ్డది అనే అర్థం స్థిరపడింది, ‘నెగెటివ్‌గా మాట్లాడకు’ అంటాం. ఇక్కడ మాత్రం లెక్కల్లో ధన, రుణ గుర్తుల అర్థమే తీసుకోవాలి. ధనాత్మకం అంటే ఏదో ఒకటి వచ్చి చేరడం, రుణాత్మకం అంటే ఏదో ఒకటి తొలగిపోవడం. రెండింటిలోనూ ప్రవర్తన పెరగాల్సిందే, లేకపోతే పునర్బలనమే కాదు.

కిరాణా కొట్టు ముందు చాక్లెట్ కోసం కింద పడి ఏడుస్తున్న పిల్లవాడిని చూడండి. తండ్రి నలుగురిలో పరువు పోతోందని టెన్షన్ పడి కొనిచ్చాడు, ఏడుపు ఆగింది. పిల్లవాడికి చాక్లెట్ వచ్చింది కాబట్టి అతని ఏడుపుకు ధనాత్మక పునర్బలనం దొరికింది, రేపు మళ్లీ ఏడుస్తాడు. తండ్రికి ఏడుపు బాధ తొలగింది కాబట్టి కొనివ్వడమనే అతని పనికి రుణాత్మక పునర్బలనం దొరికింది, రేపు ఇంకా త్వరగా కొనిస్తాడు. ఒకే సంఘటనలో ఇద్దరూ నేర్చుకున్నారు, శిక్ష ఎవరికీ పడలేదు. పాఠ్యపుస్తకాలు ఇలాంటి ఉదాహరణ ఒక్కటి ఇచ్చినా మీ క్లాసులో ఈ గందరగోళం ఉండేది కాదు.

శిక్ష దీనికి పూర్తిగా ఎదురు. దాని వల్ల ప్రవర్తన తగ్గాలి. అందులోనూ రెండు రకాలున్నాయి. గోడకుర్చీ వేయించడం ధనాత్మక శిక్ష, ఫోన్ లాక్కోవడం రుణాత్మక శిక్ష. ‘ధనాత్మక శిక్ష’ చెవికి వింతగా తోచినా శాస్త్రపరంగా సరైన ప్రయోగమే.

మీ మిత్రులను మరీ తప్పుపట్టనక్కర్లేదు. స్కిన్నర్ కూడా 1938 నాటి తన పుస్తకంలో, ఇప్పుడు మనం శిక్ష అంటున్నదాన్నే ‘రుణాత్మక పునర్బలనం’ అనే పేరుతో పిలిచాడు. 1953 నాటి పుస్తకానికి వచ్చేసరికి ఆ మాటను ఇప్పటి అర్థంలోకి మార్చాడు. పరీక్షలో మాత్రం ఇప్పటి అర్థమే రాయండి.

‘ఋణాత్మక’ సంస్కృత రూపం, ‘రుణాత్మక’ మన ఉచ్చారణను అనుసరించిన ఆధునిక రూపం. రెండూ వాడుకలో ఉన్నాయి, ఏది రాసినా తప్పు కాదు. ఒకే జవాబులో రెండూ కలిపి రాయకండి.