ఇంజను ఆగితే విమానం రాయిలా పడిపోతుందా?

ప్రశ్న: మా తమ్ముడు పైలట్ ట్రైనింగ్‌లో చేరాడు, ఒకే ఇంజను ఉండే చిన్న విమానం. గాల్లో ఇంజను ఆగిపోతే ఏంటి పరిస్థితి? టేకాఫ్ అవ్వగానే ఆగితే వెనక్కి తిప్పి అదే రన్‌వే మీద దిగొచ్చు కదా?

జవాబు: ముందు ఆ రాయి భయం మనసులోంచి తీసేయండమ్మా. విమానాన్ని మోసేది రెక్కలు, వాటికి కావాల్సింది వేగం, ఇంజను పోతే ముక్కు కాస్త దించితే చాలు, ఉన్న ఎత్తు కరుగుతూ వేగాన్ని ఇస్తుంది, తొక్కడం ఆపేసినా సైకిల్ వాలులో పోతూనే ఉంటుంది చూడండి, అలా. సెస్నా 172 ఎస్ అనే చిన్న విమానానికి ఆ గ్లైడ్ స్పీడు, అంటే ఇంజను లేకుండా ఎక్కువ దూరం జారుతూ పోయే వేగం, 68 నాట్లు, అంటే గంటకి దాదాపు 126 కిలోమీటర్లు. గాలి లేని రోజున కిలోమీటరు ఎత్తులో ఇంజను ఆగినా సుమారు 9 కిలోమీటర్లు పోవచ్చు.

ఆ స్పీడు పట్టుకుని, దిగడానికి చోటు చూసుకుని, టైముంటే ఇంకో ట్యాంకుకి మార్చడం, కార్బ్యురేటర్ (గాలినీ ఇంధనాన్నీ కలిపే భాగం) ఉన్న ఇంజనైతే దానికి వేడి గాలి పంపే కార్బ్ హీట్ వెయ్యడం (ఎండాకాలంలో కూడా తేమ గాలికి లోపల మంచు కడుతుంది, చాలామంది నమ్మరు), తర్వాత రేడియోలో 121.5 అనే ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ మీద మేడే (ప్రమాదంలో ఉన్నామనే పిలుపు) ఇవ్వడం, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి విమానం కోడ్ పంపే పరికరం) 7700 అనే ఎమర్జెన్సీ కోడ్ పెట్టడం, ఇవీ చెయ్యాల్సినవి.

ఇక మీ రెండో ప్రశ్న, నాకు అసలు భయం దీని గురించే. తక్కువ ఎత్తులో వెనక్కి తిరగాలనిపించడం సహజం, రన్‌వే అక్కడే కనిపిస్తుంటుంది మరి, కానీ సగం చుట్టు తిరిగితే రన్‌వేకి పక్కన తేలతాం, మళ్లీ దాని మీదకి రావడానికి ఇంకా తిరగాలి, 45 డిగ్రీలు వంచి ఎత్తు పోకుండా కంట్రోల్‌ని వెనక్కి లాగితే స్టాల్ స్పీడు (ఇంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు, దాన్నే స్టాల్ అంటారు) దాదాపు 19 శాతం పెరుగుతుంది, అప్పుడు విమానం స్టాలై స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి, పోతే కోలుకోవడానికి ఎత్తే ఉండదు. అందుకే ముక్కు దించి ఎదురుగా, కాస్త అటూ ఇటూగా దొరికిన చోటే దిగమంటారు, పొలమైనా పొదలైనా సరే.

విమానం పాడవుతుందేమో, అవనివ్వండి! గంటకి 80 కిలోమీటర్ల వేగంతో నేలని తాకితే 9 జీ (మన బరువుకి 9 రెట్ల బలం) దెబ్బతో ఆగడానికి 3 మీటర్లు చాలు, భుజం బెల్టు బిగించుకున్న మనిషి అది తట్టుకోగలడు, అదే 160తో తాకితే 4 రెట్లు దూరం కావాలి. కాబట్టి గాలికి ఎదురుగా, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా, కానీ స్టాల్ అవ్వకుండా దిగాలి. తాకేలోపు ఫ్యూయల్ కట్ చేసి, తలుపుల గడియ తీసి పెట్టుకోవాలి, ఫ్రేము వంగితే అవి తెరుచుకోవు.