ప్లాట్లు వేసే హక్కు అమ్మేసిన పొలం కొనొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: "మా తమ్ముడు అమెరికాలో, వెర్మాంట్‌లో ఒక పొలం చూశాడు. దాని మీద ల్యాండ్ ట్రస్ట్ ఈజ్‌మెంట్ ఉందట. అంటే ఆ భూమి ట్రస్ట్‌దేనా? అసలు వీళ్లవల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా?"

మేం వెర్మాంట్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. మా ఆయన ఎసెక్స్ జంక్షన్‌లో చిప్‌ల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ల్యాండ్ ట్రస్ట్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నేనూ మీలాగే, దేవుడి మాన్యంలాంటిదేదో అనుకున్నాను. రాసిచ్చేశాక ఇక మనది కాదని. మేం మేపుల్ సిరప్ కొనే పెద్దాయన పొలం కూడా అలా ఈజ్‌మెంట్‌లో ఉన్నదే. అడిగితే నవ్వాడు. "భూమి నాదే. పన్ను కట్టేదీ నేనే" అన్నాడు.

ఆయన అమ్మింది అందులో ప్లాట్లు వేసే హక్కును మాత్రమే. మనవైపు "స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం" అంటాం చూడండి. ఇక్కడ దానికి తిరగేసిన పని చేస్తారు. ఎప్పటికీ డెవలప్‌మెంట్‌కి ఇవ్వనని రాసిచ్చి, అందుకు డబ్బు తీసుకుంటారు. ఆ రాతనే ఈజ్‌మెంట్ అంటారు, దాన్ని రాయించుకుని షరతు తప్పకుండా చూసే సంస్థే ల్యాండ్ ట్రస్ట్. పొలానికి బహిరంగ మార్కెట్‌లో ఎంత వస్తుంది, సాగుకు మాత్రమే పనికొస్తుందంటే ఎంత వస్తుంది అని వాల్యుయేషన్ చేయిస్తారు. ఆ రెండింటి మధ్య తేడాయే ఈజ్‌మెంట్ ధర. అందులో ప్రభుత్వ నిధులూ ఉంటాయి, విరాళాలూ ఉంటాయి. కొంతమంది డబ్బు తీసుకోకుండా ఊరికే ఇచ్చేసి, ఆదాయపు పన్నులో మినహాయింపు పొందుతారు. తర్వాత ఆ భూమిని అమ్ముకోవచ్చు, పిల్లలకి రాయొచ్చు. ఎవరి చేతికి వెళ్లినా షరతు మాత్రం భూమిని వదలదు.

పెద్దాయన ఆ డబ్బుతో తోబుట్టువుల వాటా తీర్చేసి పొలం మొత్తం తనే ఉంచుకున్నాడు. మన ఇళ్లలో అయితే ఆ ఒక్క పంచాయితీతోనే పొలం నాలుగు ముక్కలయ్యేది.

ఇక్కడి పెద్ద సంస్థ వెర్మాంట్ ల్యాండ్ ట్రస్ట్. 1977లో వుడ్‌స్టాక్‌లో, అక్కడి నది పేరు పెట్టుకుని ఒక చిన్న ప్రాంతీయ ట్రస్ట్‌గా మొదలైంది. ఇప్పుడు వాళ్లు కాపాడుతున్న భూమి 6 లక్షల ఎకరాలు దాటింది. రాష్ట్రంలో పదో వంతు కంటే ఎక్కువే.

ఉపయోగం సంగతికొస్తే, నాకు అది వరదల కథలు విన్నాకే అర్థమైంది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫాను ఈ రాష్ట్రాన్ని అతలాకుతలం చేసింది. ఆటర్ క్రీక్ అనే నది రట్లండ్ దగ్గర పొంగి పొర్లింది. అదే నది ఒడ్డున, కిందవైపు మిడిల్‌బరీ ఉంది. అక్కడికి చేరేసరికి ప్రవాహం సగానికి పైగా తగ్గిపోయింది, అదీ కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చింది. మధ్యలో ఉన్న చిత్తడి నేలలు, పల్లపు పొలాలు నీళ్లను పట్టి ఉంచి మెల్లగా వదిలాయి. అవి లేకపోతే మిడిల్‌బరీలో ఎంత నష్టం జరిగేదో వెర్మాంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో లెక్కగట్టారు. ఐరీన్ నష్టం 84 నుంచి 95 శాతం దాకా తగ్గిందని తేల్చారు.

అందుకే ఇప్పుడు నదులకోసం ప్రత్యేకంగా ఒక రకం ఈజ్‌మెంట్ ఉంది. నది దారి మార్చుకుంటే మార్చుకోనిస్తాను, రాళ్లు పోసి గట్టు కట్టను, ఒడ్డున 50 అడుగులైనా చెట్లకి వదిలేస్తాను అని రైతు రాసిస్తాడు. మిగతా చోట సాగు చేసుకోవచ్చు. 2024 వసంతంలో అలాంటి ఒక ఒడ్డున మొక్కలు నాటడానికి నేనూ వాలంటీర్‌గా వెళ్లాను. విల్లో కొమ్మల్ని మునగ కొమ్మ పాతినట్టే నేలలోకి దిగ్గొట్టడమే, వేళ్లు వాటంతటవే వస్తాయి. బురదలో బూటు ఇరుక్కుపోయి ఇద్దరు లాగాల్సి వచ్చింది, అది వేరే కథ.

ఆ ఫొటోలు నాన్నకి పంపితే, "పొలం మునగనిస్తానంటే డబ్బులిస్తారా? విడ్డూరంగా ఉందమ్మా" అన్నారు. మా ఇల్లు విజయవాడ సింగ్ నగర్‌లో. ఆ సెప్టెంబర్‌లోనే బుడమేరు పొంగి కింద అంతస్తు మునిగింది. అమ్మా నాన్నా డాబా మీద, నేనిక్కడ ఫోన్ పట్టుకుని టెన్షన్‌తో. నాలుగు రోజుల తర్వాత కరెంటు వచ్చాక నాన్న అన్న మొదటి మాట: "మనం ఇల్లు కొన్నది ఏటి దారిలోనేమో అమ్మా. కొనేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు."

అయితే ఇక్కడంతా సవ్యంగా ఉందని అనుకోకండి. 2023 జులై వరదల్లో బర్లింగ్టన్ నగరంలో, ఏటి పక్క పల్లమైన ఇంటర్‌వేల్‌లోని కూరగాయల పొలాలు మునిగాయి. వరద నీళ్లు తగిలిన కూరగాయల్ని అమ్మకూడదు, పారేయాల్సిందే. మేం సీజన్ మొత్తానికీ ముందే డబ్బు కట్టిన రైతు దగ్గర ఆ వేసవిలో చాలా వారాలు ఖాళీ బుట్టే. సరిగ్గా ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలో మళ్లీ వరద. పల్లంలో ఉన్న రైతు మునిగి ఊరిని కాపాడుతున్నాడు, ఏడాదేడాదికీ పోయే పంటకి మాత్రం ఈజ్‌మెంట్ డబ్బు సరిపోదు. ఇంకోటి, ఇళ్లు దొరక్క కుర్రాళ్లు రాష్ట్రం వదిలి పోతుంటే ఇంత భూమిని శాశ్వతంగా కట్టేయడమేంటని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ కొండ మీద పొలాన్ని కట్టేయడం వేరు, ఏటి పక్క పల్లాన్ని కట్టేయడం వేరు. రెండో దాని మీద నాకు అనుమానమే లేదు.

ఇక మీ తమ్ముడికి. సాగు చేయాలనుకుంటే కొనొచ్చు, ధర కూడా మామూలు భూమికంటే తక్కువే ఉండాలి. అలా లేకపోతే ఎందుకో అడగమనండి. వెర్మాంట్‌లో భూమి రికార్డులు జిల్లా కేంద్రంలో ఉండవు, ఆ ఊరి టౌన్ క్లర్క్ ఆఫీసులోనే ఉంటాయి. అక్కడికి వెళ్లి ఈజ్‌మెంట్ దస్తావేజు మొత్తం లాయర్‌తో చదివించుకోవాలి. ఇల్లు, కొట్టాలు ఉండాల్సిన చోటు చాలావాటిలో ముందే గీసి ఉంటుంది. దాని బయట ఏం కట్టాలన్నా ట్రస్ట్‌ని అడగాలి. కొన్నిటిలో మళ్లీ అమ్మేటప్పుడు సాగు ధరకి కొనే హక్కు ట్రస్ట్‌కి ఉంటుంది, ఆ క్లాజు ఉందేమో ముఖ్యంగా చూడమనండి. ఏడాదికోసారి ట్రస్ట్ మనిషి వచ్చి పొలం తిరిగి చూసి వెళ్తాడు. పెద్దాయన దగ్గరికి వచ్చే అమ్మాయైతే వెళ్లేటప్పుడు సిరప్ సీసా కొనుక్కునే వెళ్తుంది.